వారం వాడి చూశాక

స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
జూలై 8

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే చూడవు. నెల రోజులుగా ఇదే వరస. షాపులో అంత తీరిక లేకుండా ఉన్నావా, నామీద కోపమా? సరే, పాత పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కూడా కౌంటర్ మీద పడేసి మర్చిపోకు. ఈసారి నాకు నీతో పని పడింది.

మా బడిలో ఈ ఏడాది కొత్త పాఠం పెట్టారు. సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్. పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలు గుంపులుగా చేరి, చుట్టుపక్కల జనానికున్న ఇబ్బంది ఒకటి పట్టుకోవాలి. దాన్ని తీర్చే చిన్న వ్యాపారం మొదలుపెట్టాలి. దానం కాదు, వ్యాపారమే. వచ్చినదాంతోనే ఆ పని మళ్ళీ నడవాలి. లెక్కల మాస్టారికి తీరిక లేదట, సైన్స్ టీచర్‌కి ఒంట్లో బాగాలేదట. చివరికి తెచ్చి నా మెడకు చుట్టారు. ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెప్పుకుంటున్నదాన్ని, చచ్చిపోయిన రాజుల గురించి తప్ప నాకేం తెలుసు? జన్మలో ఒక సబ్బుబిళ్ళ అమ్మి ఎరగను.

ప్రతి శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు ఇదే. గురువారం రాత్రి ఏం చెప్పాలా అని కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నాను. ఈ కార్యక్రమం నడిపే సంస్థవాళ్ళు మధ్యలో ఒకసారి చూడటానికి వస్తారు. వాళ్ళకు నచ్చకపోతే వచ్చే ఏడాది మా బడికి ఇవ్వరు. మా హెడ్మిస్ట్రెస్‌ని అందరం పెద్ద మేడమ్ అంటాం. ఆవిడ వరండాలో ఎదురుపడినప్పుడల్లా ఆ సంగతే గుర్తు చేస్తున్నారు.

ఒక గుంపుకు నాయకురాలిగా ఒక పిల్ల ఉంది. బక్కగా ఉంటుంది, సంచీలో పుస్తకాల కంటే నోటుపుస్తకాలే ఎక్కువ. క్లాసంతా 'మేనేజర్' అని పిలుస్తారు. ఇల్లిల్లూ తిరిగి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "టీచర్, పెద్దవాళ్ళలో చాలామందికి కళ్ళు సరిగా కనపడట్లేదు. డాక్టరు చీటీ రాసిస్తాడు, వీళ్ళు దాన్ని మడిచి దాచుకుంటారు, అంతే. ఇంకోపక్కేమో ఏ ఇంట్లో చూసినా పాత కళ్ళజోళ్ళు సొరుగులో పడున్నాయి. ఈ రెండూ కలిపితే వ్యాపారం కాదా?" అని నన్నే అడిగింది. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

కొత్తవి కొన్నవాళ్ళు పాతవి నీ షాపులోనే వదిలేసి పోతారు కదా. వాటిని కొలిచి, ఏది ఎంత పవరో రాసి పంపగలవా? నువ్వు కొలిచావంటే నాకు సగం బరువు దిగినట్టే.

నీ చెల్లి

•

కళ్ళజోళ్ళ షాపు, కౌంటర్ వెనక
జూలై 19

ఒసేయ్ పిచ్చుకా,

కోపమూ లేదు, గీపమూ లేదు. ఫోన్ పాడైంది, బాగు చేయిస్తాను. అయినా ఉత్తరాలే హాయిగా ఉన్నాయి, రాస్తూ ఉండు. కానీ ఆ నీలం పెన్ను పారేయ్. పిరికి రంగు, కాగితం మీద నిలబడదు. లావుగా రాసే నల్ల పెన్ను కొనుక్కో.

పెట్టె పంపుతున్నాను. ముప్పై రెండు జోళ్ళున్నాయి. ఒక్కోదాని కాడకు దారంతో చీటీ కట్టి, కుడికంటిది ఎడమకంటిది పవర్లు రాశాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. మీ బావ వచ్చి, "ఊరికే పోయే వాటికి ఇంత తాపత్రయమా, ఒక పూట పని ఇది" అన్నారు. నా పని నన్ను చేసుకోనివ్వమన్నాను.

ఇప్పుడు చెప్పేది చెవినేసుకో. వాటిని ఉచితంగా మాత్రం ఇవ్వొద్దు. పిసినారితనంతో అంటున్న మాట కాదిది. షాపు పెట్టిన కొత్తలో జాలిపడి నేను చాలామందికి ఉచితంగా ఇచ్చాను. ఒక్కళ్ళూ తిరిగొచ్చి కనపడట్లేదనలేదు. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఒకావిడ ఏడాదిపాటు ఆ జోడుతో తలనొప్పి పడుతూ కూడా నోరెత్తలేదట. ఊరికే ఇచ్చిందానికి వంక పెడితే ఏం బాగుంటుందని ఊరుకుందట. డబ్బిచ్చినవాళ్ళు అలా కాదు. కౌంటర్ మీద కొట్టి మరీ తిడతారు. నేను పని నేర్చుకున్నది ఆ తిట్లతోనే.

ధర గురించి ఆ మేనేజర్ పిల్ల ఏమంటుందో అడిగి రాయి.

అక్క

•

స్టాఫ్ రూమ్
ఆగస్టు 30

అక్కా,

నల్ల పెన్నే, చూసుకో. నీ అక్షరాలేంటి, పోయిన ఉత్తరంలో వరసలు మెట్లు దిగుతున్నట్టు వాలిపోయాయి? కౌంటర్ మీద కాగితం పెట్టుకుని జనంతో మాట్లాడుతూ రాశావా?

కళ్ళజోళ్ళ పంపిణీ అయిపోయింది. నిన్ననే సంస్థవాళ్ళు వచ్చి వెళ్ళారు. అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం నిన్నటి నుంచి అన్నం సరిగా తినలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను. తిట్టకుండా చదువు.

మేనేజర్ నీ మనిషే. నీ ఉత్తరం చూపించకముందే ఆ పిల్ల ధర ఆలోచించి పెట్టుకుంది. పక్క వీధి కంటి డాక్టరు ఒక ఆదివారం వచ్చి వందమందికి పైగా చూసి చీటీలు రాశాడు. ఆ చీటీకి, నువ్వు కట్టిన చీటీకి జత కుదిరిన ముప్పై రెండు మందికి పిల్లలు ఎవరి జోడు వాళ్ళకు విడిగా పెట్టారు. బోర్డు కూడా రాసుకున్నారు: "వారం వాడి చూడండి. కనపడితే వచ్చి ఒక టీ ఖరీదు ఇవ్వండి. కనపడకపోతే వచ్చి తిట్టండి, మార్చి ఇస్తాం." తిట్టండి అన్న మాట తీసెయ్యమంటే ఆ పిల్ల వినలేదు.

తీరా నిన్న పొద్దున పెద్ద మేడమ్ ఆ బోర్డు చూశారు. "అతిథుల ముందు బీదవాళ్ళ దగ్గర డబ్బులు పుచ్చుకుంటామా? బడి పరువేం కాను? ఉచితమని చెప్పండి, నేనే నా చేత్తో ఇస్తాను" అన్నారు. నేను తలూపాను, అక్కా. నాకూ లోపల లోపల వాళ్ళను డబ్బడగడం మొహమాటంగానే ఉంది. బోర్డును గోడవైపు తిప్పి పెట్టించాను. వారం తర్వాత రమ్మన్న మాట ఎవరికీ చెప్పలేదు.

మా స్కూలు వ్యాన్ డ్రైవర్‌ని మొదట పిలిచారు. పాపం ఇన్నాళ్ళూ గీతలు పడిన పాత జోడుతోనే బండి నడుపుతున్నాడు. పెద్ద మేడమ్ కొత్తది పెట్టగానే అందరూ చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. "ఎలా ఉంది, బాగా కనపడుతోందా?" అని ఆవిడ అడిగితే, "చాలా బాగుంది మేడమ్" అని చేతులు జోడించాడు. మిగతా ముప్పై ఒక్కమందీ అదే మాట అన్నారు. మేనేజర్ చప్పట్లు కొట్టలేదు. నా పక్కకొచ్చి, "అందరూ ఒకే మాట ఎలా అంటారు టీచర్?" అంది.

అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

నీ చెల్లి

•

షాపు
సెప్టెంబరు 5

పిచ్చుకా,

చెప్పానా లేదా? బోర్డు గోడవైపు తిప్పావా? నీ మొహమాటం తగలెయ్య.

వాళ్ళలో ఒక్కరైనా తిరిగొచ్చారా? ఎవరైనా తలనొప్పి అన్నారా? మెట్ల దగ్గర తడబడుతున్నారా? పనిగట్టుకుని వెళ్ళి అడుగు. ముందు ఆ డ్రైవర్‌ని అడుగు. "బాగుందా" అని అడక్కు, బాగుందనే అంటాడు. దూరంగా ఉన్న బోర్డు ఏదైనా చూపించి చదవమను. వెంటనే రాయి.

ఇంతకంటే ఏమీ రాయలేను. షాపులో పని ఉంది.

అక్క

•

ఇల్లు, వంటింటి బల్ల
సెప్టెంబరు 18

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజే వెళ్ళి అడగాల్సింది. పరీక్షలు దిద్దాలని, రేపు చూద్దామని వాయిదా వేశాను. పోయిన వారం ఒక సాయంత్రం వ్యాన్ బడి గేటు స్తంభాన్ని గుద్దింది.

లోపల పదకొండు మంది పిల్లలున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు అద్దం మాత్రం పగిలింది. ఏడుపులు విని నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. డ్రైవర్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో కళ్ళజోడు. "స్తంభం ఇంకా అవతలుందనుకున్నానమ్మా" అన్నాడు. మొదటి రోజు నుంచీ దూరాలు తేడాగా ఉన్నాయట. మరి ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "పెద్ద మేడమ్ చేత్తో పెట్టారు కదమ్మా, అలవాటవుతుందేమోనని చూశాను" అన్నాడు. అతన్ని పనిలోంచి ఆపేశారు.

డాక్టరు ఆ జోడు కొలిచి చూశాడు. చీటీ మీద ఉన్న పవర్ వేరు, అద్దంలో ఉన్నది వేరు.

పిల్లల్ని పిలిచి అడిగాను. అప్పుడు బయటపడింది. పెట్టె రాగానే మేనేజర్ వాటన్నింటినీ సబ్బునీళ్ళతో కడిగిందట. ఎవరో వాడినవి కదా, శుభ్రంగా ఇవ్వాలని. తడిస్తే రాత చెరిగిపోతుందని ముందే నీ చీటీలన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకుని, ఆరాక కొత్త చీటీలు రాసి కట్టిందట. ఇదంతా నాకు చెప్పకుండా చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్ల నోటుపుస్తకం తీసి, "ఒక్కటి కూడా తారుమారు కాలేదు టీచర్, ఒక్కో జోడునీ విడిగా కడిగాను, ఒకసారి చూడండి" అంది. నేను చూడలేదు. "ఎక్కించుకునేటప్పుడే తప్పు రాసుకుని ఉంటావు" అన్నాను. ఆ పిల్ల మూడు రోజులుగా బడికి రావడం లేదు.

మిగతా ముప్పై ఒక్క జోళ్ళూ జనం ముఖాల మీదే ఉన్నాయి. వాటిలో ఎన్ని తప్పో తెలియదు. వెళ్ళి వెనక్కి తీసుకుంటానంటే పెద్ద మేడమ్ వద్దంటున్నారు, సంగతి సంస్థ చెవిన పడుతుందని. ఈ నెల ఇరవై ఐదులోపు నేను రిపోర్టు రాసివ్వాలి, పొరపాటు ఎవరిదో పేరుతో సహా. పేరు రాస్తే ఆ పిల్లను కార్యక్రమం నుంచి తీసేస్తారు, బడి రికార్డులోనూ ఎక్కిస్తారు. రాయకపోతే డ్రైవర్ తప్పని తేలుస్తారు. రిపోర్టు కాగితం తేదీ దగ్గరే ఆగిపోయింది.

నీ కొలతల మీద నాకు రవ్వంత కూడా అనుమానం లేదు. అందుకే ఆ పిల్లే తప్పు చేసిందని అంత గట్టిగా అనగలిగాను. ఏం రాయమంటావో చెప్పు, కొరియర్‌లో పంపు.

నీ చెల్లి

•

షాపు, తలుపులు వేసుకుని
సెప్టెంబరు 21

చెల్లీ,

ఆ పిల్ల పేరు రాయకు. నా పేరు రాయి.

ఎలా చెప్పాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. నా కుడికన్ను మధ్యలో మసక కమ్మింది. వేసవి ముందు మొదలైంది. తలుపు అంచు, బల్ల అంచు, తిన్నగా ఉండాల్సినవన్నీ నాకు మధ్యలో వంగి కనిపిస్తున్నాయి. ఎడమకంటికీ ఈ మధ్యే కొంచెం మొదలైంది. ఫోన్ పాడవలేదు. అందులో అక్షరాలు నాకు ఆనడం లేదు, ఎత్తి మాట్లాడితే నా గొంతే పట్టిస్తుందని ఎత్తలేదు. నీ ఉత్తరాలు బల్లదీపం కింద భూతద్దం పెట్టి చదువుకుంటున్నాను. పెన్ను మార్చమన్నది అందుకే.

నా మిషన్ పాతది. ఒక కన్ను పెట్టి చూస్తూ చక్రం తిప్పాలి. లోపలి గీతలు ఎక్కడ తేటపడితే అక్కడి అంకె పవర్. ముప్పై ఏళ్ళుగా కుడికంటితోనే చూస్తున్నాను. నాకిప్పుడు చాలాసార్లు ఆ గీతలు తేటపడవు. కొన్నింటికి చక్రం అటూ ఇటూ తిప్పి, ఇంతే అయి ఉంటుందని రాశాను. చెయ్యి గుర్తుపడుతుందనుకున్నాను. అది పొగరు. షాపులో కొత్తవాటికి డాక్టరు చీటీ ఉంటుంది, అద్దాలు ల్యాబ్ వాళ్ళే కొలిచి పంపుతారు, నేను బిగించి ఇవ్వడమే. పాతవాటికే నా కన్ను కావాలి. అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు.

నీ ఉత్తరం చదివాక, పెట్టెలో పట్టక మిగిలిపోయిన రెండు జోళ్ళు ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. వాళ్ళ మిషన్ అంకె దానంతటదే చూపిస్తుంది. గుమాస్తా చేత చదివించుకున్నాను. నేను రాసింది ఒకదానికి కొద్దిగా తప్పు, ఇంకోదానికి పూర్తిగా తప్పు.

ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. కళ్ళజోళ్ళు అమ్మే మనిషికి చూపు లేదంటే నవ్వరూ? షాపు మూసేస్తే నేనేం చేయాలి, రోజంతా ఇంట్లో కూర్చుని ఏం చూడాలి? నాకు భయమేసింది, పిచ్చుకా. ఇప్పటికీ వేస్తోంది. కానీ ఆ వ్యాన్‌లో పదకొండు మంది ఉన్నారని చదివాక, ఈ భయం దాని ముందు ఏపాటిదో తెలిసింది.

ఆ నోటుపుస్తకం తెరిచి చూడు. నేను కట్టిన చీటీల్లో ఒకటో రెండో ఎక్కడైనా మిగిలి ఉంటే పోల్చు. సరిపోతాయి. ఆ పిల్లను నా తరఫున క్షమించమని అడుగు. కాదు, నీ తరఫున నువ్వు అడుగు, నా తరఫున నేను రాస్తాను.

అక్క

•

తొమ్మిదో తరగతి గది, ఆఖరి బెంచీ
అక్టోబరు 6

అక్కా,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఒక్కో కాగితానికి పది వరసలే పడుతున్నాయి. అయిపోతే ఇంకో దస్తా కొంటాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత దాన్ని పట్టుకుని మేనేజర్ వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులిల్లు. వాళ్ళమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది, లేవలేదు. ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడింది. వాళ్ళమ్మ ముందే చెప్పాను, తప్పు నాదని, క్షమించమని. పిల్ల విని, లోపలికెళ్ళి నోటుపుస్తకం తెచ్చింది. దాని వెనక అట్టకు నీ పాత చీటీలన్నీ వరసగా అతికించి ఉన్నాయి. ఒక్కటీ పారేయలేదు. ముప్పై రెండూ పోల్చుకున్నాను. ఒక్క అంకె తేడా లేదు. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఆ పుస్తకం తిరగేసి ఉంటే సరిపోయేది, అక్కా.

మళ్ళీ వస్తావా అంటే, "బోర్డు ఇటు తిప్పుతానంటే వస్తాను" అంది.

రిపోర్టులో నీ కన్ను సంగతి రాశాను. నేను కూడా ఏం చేశానో రాశాను: ధర తీసేయించాను, వారం గడువు తీసేయించాను, పిల్ల చూపిన పుస్తకం చూడలేదు. దాని నకలు సంస్థకు కూడా పంపాను. పెద్ద మేడమ్ నాతో మాట్లాడటం మానేశారు, మెమో మాత్రం చేతికిచ్చారు. వచ్చే ఏడాది ఈ పాఠం ఉంటుందో, నేనుంటానో తెలియదు. సంస్థ నుంచి జవాబు రాలేదు. పోస్టు వచ్చే వేళకు గేటు దగ్గరికెళ్ళి నిలబడుతున్నాను.

పిల్లలూ, నేనూ కలిసి ఇల్లిల్లూ తిరిగాం. బోర్డును ఇద్దరు మోశారు. డాక్టరు అన్నింటినీ మళ్ళీ కొలిచాడు. ముప్పై రెండింటిలో పదకొండు తప్పు. ఒక ముసలాయన ఆ జోడు పెట్టుకుని మెట్ల మీద పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది, ఇప్పుడు నడుస్తున్నాడు. వెనక వీధిలో ఒక దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కడం లేదని కుట్టుపనే తగ్గించుకుంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఊరికే ఇచ్చారు కదా, ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను" అంది. అచ్చం నువ్వు చెప్పినావిడ మాటే. మేనేజర్ ఆవిడకు బోర్డు చదివి వినిపించింది. వారం తిరక్కుండానే ఆవిడ వచ్చి పిల్లల్ని చెడామడా తిట్టింది, కొత్త జోడుకు ముక్కు దగ్గర ఒరుసుకుపోతోందని. పిల్లలు సంబరంగా రాసుకున్నారు. డ్రైవర్‌కి సరైన అద్దాలు పెట్టించాక డాక్టరు కాగితం రాసిచ్చాడు. సోమవారం నుంచి పనిలోకి వస్తున్నాడు.

నిన్న క్లాసులో మేనేజర్ ఒక మాటంది. "టీచర్, మీ అక్కగారు పెట్టె మనకి ఉచితంగా పంపారు. అందుకే మనం ఒక్కటైనా కొలిపించి చూడలేదు."

ఇంటికొచ్చాక ఆలోచించాను. చిన్నప్పుడు నా ఫీజు నువ్వు కట్టావు. నీ పెళ్ళికి కొన్న పెట్టెలో నా పుస్తకాలు సర్ది నన్ను హాస్టల్‌కి పంపావు. ఇప్పుడీ కళ్ళజోళ్ళు. నాకు ఏదిచ్చినా ఊరికేనే ఇచ్చావు. నేను తీసుకున్నాను, బాగుందన్నాను. నువ్వెలా ఉన్నావని ఎన్నడూ ఆగి అడగలేదు. అక్షరాలు వాలిపోతే వంకపెట్టానే తప్ప ఎందుకని అడగలేదు.

శనివారం బండికి వస్తున్నాను. బావగారికి నువ్వే చెప్పు, నేనొచ్చేలోపే. ఇద్దరం కలిసి కంటి ఆసుపత్రికి వెళ్దాం. భయమేస్తే చెయ్యి పట్టుకో, నాకూ భయంగానే ఉంది.

దీంతోపాటు ఒక అట్ట పంపుతున్నాను. పిల్లల కొత్త సరుకు. కాగితం మీద పెట్టి ఆ చీలికల్లో రాస్తే, చూపు తక్కువైనవాళ్ళకు కూడా వరస వాలదట. నువ్వే మొదటి ఖాతాదారువి. నిబంధన తెలుసు కదా.

నీ చెల్లి

•

షాపు, కౌంటర్ ముందు కుర్చీలో
నవంబరు 16

పిచ్చుకా,

నువ్వు వెళ్ళాక రెండో సూది వేశారు. కంట్లో సూది అంటే ఒళ్ళు జలదరించేది, ఇప్పుడు మీ బావకే ఎక్కువ జలదరిస్తోంది, బయట కూర్చుంటారు. ఎడమకన్ను నిలబడుతుందన్నాడు డాక్టరు, నెలనెలా తప్పకుండా వస్తే. కుడికంటి సంగతి చెప్పలేనన్నాడు. నెల తిరగడానికి వారం ముందు నుంచే నాకు నిద్ర పట్టడం లేదు. ఇలాంటివి దాచకుండా రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

కౌంటర్ వెనక కుర్చీ మీ బావది. ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలు ఆయన చదువుతారు, ఫ్రేములు నేను బిగిస్తాను. వేళ్ళకు కళ్ళతో పనిలేదు. పాత అద్దాలు కొలవడం మానేశాం, నా చూపు తగ్గిందని రాసి గోడ మీద కాగితం అంటించాం. ఎవరూ నవ్వలేదు.

సంస్థవాళ్ళు జవాబు రాశారా? ఏది వచ్చినా ముందు నాకు చెప్పు.

ఇంక అట్ట విషయం. మేనేజర్‌కి చదివి వినిపించు. వారం కాదు, నెల దాటి వాడాను. వరస తిన్నగా వస్తోంది, నువ్వే చూస్తున్నావు. కానీ చీలిక ఇరుకు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కోసినట్టున్నారు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. నేను వత్తు రాయబోయిన ప్రతిసారీ పెన్ను అట్టకు తగిలి ఆగిపోతోంది. ఈ ఉత్తరంలో సగం వత్తులు కాళ్ళు విరిగి ఉన్నాయి. పైన గోరంత, కింద దానికి రెండింతలు వదలమను. అంచులు కూడా గరుకుగా ఉన్నాయి, చెయ్యి గీసుకుపోయింది. ఇలాంటి పని చేసి అమ్ముదామనే?

టీ ఖరీదు పంపడం లేదు. బాగుచేసి పంపాక చూద్దాం.

అక్క